అడ్డపొగ, తిప్పతీగ, డెంగీ: ఒక ఏఎల్‌ఎస్ రోగికి రిలుజోల్ వాడిన తొమ్మిది నెలలు

ఇది బోధన కోసం కూర్చిన కేసు. ఎవరో ఒక్కరి ఫైలు కాదు. ఏఎల్‌ఎస్ అంటే కండరాలని నడిపే నరాలు క్రమంగా చచ్చిపోయే జబ్బు. రిలుజోల్ దాన్ని కొంత నెమ్మదింపజేసే మందు. విశాఖ తీరంలో ఈ జబ్బుకి ఈ మందు రాసేటప్పుడు ఎదురయ్యే చిక్కులన్నీ ఒక్క మనిషి చుట్టూ పెట్టాం. రిలుజోల్ రాయడం సులువే: 50 మిల్లీగ్రాముల మాత్ర, రోజుకి రెండు. చీటీలో ఒక్క లైను. ఆ లైను చుట్టూ రాయాల్సినవి రాయకపోవడం వల్లే తొందరపడి మందు ఆపేయడమో, ఆపాల్సినప్పుడు ఆపకపోవడమో జరుగుతుంది.

రోగి

వయసు 57. భీమిలి వైపు మత్స్యకార కుటుంబం, ఎండుచేపల వ్యాపారం. బరువు 44 కిలోలు. ముప్ఫై ఏళ్లుగా చుట్ట కాలుస్తోంది, అదీ అడ్డపొగ, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. షుగర్ లేదు, బీపీ లేదు.

ఏడు నెలలుగా మాట ముద్దగా, ముక్కుతో పలుకుతున్నట్టు వస్తోంది. మంచినీళ్లు తాగితే పొలమారుతోంది. ముందు పళ్ల డాక్టరుకి చూపించారు. అంగిట్లో తెల్లటి మందపాటి పొర, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. అడ్డపొగ తాగేవారి అంగిట్లో తరచూ కనబడేవే ఇవి. ఇలాంటి అంగిలి చూస్తే క్యాన్సర్ అనుమానించడం తప్పు కాదు, అనుమానించకపోతేనే తప్పు. ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సర్ లేదని తేలింది. పొరపాటు ఆ తర్వాత జరిగింది: "మాట తేడా చుట్ట వల్లే, మానేస్తే సర్దుకుంటుంది" అని పంపేశారు. అలా నాలుగు నెలలు పోయాయి. అంగిట్లో పొర ఉన్నంత మాత్రాన మాట ముక్కులోకి పోదు. నాలుకని బయట పెట్టించకుండా, నోట్లోనే తీరిగ్గా ఉంచి టార్చి వేసి చూస్తే, అంచులు కుంచించుకుపోయి, లోపల పురుగులు పాకుతున్నట్టు అదురు కనిపించేది. బయటికి చాపిన నాలుక ఎవరికైనా కాస్త వణుకుతుంది కాబట్టి ఆ వణుకుని లెక్కలోకి తీసుకోకూడదు.

ఇంట్లోవాళ్లు యథాలాపంగా చెప్పిన ఒక మాట పరీక్షలన్నిటికంటే విలువైనది. మూడు నెలలుగా చుట్ట నోట్లో నిలవడం లేదట, జారిపోతోందట. అడ్డపొగకి పెదవులు గట్టిగా బిగించాలి, నాలుకతో చుట్టని ఆనించి పట్టాలి. పెదవులకి, నాలుకకి సత్తువ తగ్గిందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి!

మేం చూసేసరికి కుడిచేతి బొటనవేలి వైపు కండ కరిగింది, చిటికెనవేలి వైపు కండ అంతగా పోలేదు. దవడ మీద తడితే రిఫ్లెక్స్ ఎక్కువగా ఉంది, మోకాళ్ల దగ్గరా అంతే. అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేస్తోంది. స్పర్శ, కంటి కదలికలు మామూలే. కండరాల్లో విద్యుత్తుని చూసే ఈఎంజీ పరీక్షలో నాలుక, చేయి, కాలు మూడుచోట్లా కండరానికి నరంతో సంబంధం తెగిన ఆనవాళ్లు కనిపించాయి. స్పర్శ నరాల పరీక్ష నార్మల్. మెడ, మెదడు ఎంఆర్ఐలో వీటికి కారణం కాగలిగినదేదీ లేదు. థైరాయిడ్, బీ12, కాల్షియం, హెచ్ఐవీ, మయస్థీనియా (కండరాలు త్వరగా అలిసిపోయే మరో జబ్బు) యాంటీబాడీలు, అన్నీ చూశాం. ఈ జబ్బుని నిర్ధారించడానికి 2020లో వెలువడిన గోల్డ్ కోస్ట్ ప్రమాణాల ప్రకారం ఇది ఏఎల్‌ఎస్. ఆ రోజు ఏఎల్‌ఎస్ స్కోరు (రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలరో చెప్పే అంకె, తగ్గేకొద్దీ జబ్బు ఎక్కువ) 48కి 37, ఊపిరి సామర్థ్యం 71 శాతం. ఊపిరి పరీక్షకి పెదవులు బిగించలేరు కాబట్టి మూతిగొట్టం కాక మాస్కుతో తీయాలి. లేకపోతే గాలి పక్కనుంచి పోయి, లేని నష్టం కనిపిస్తుంది.

మందు ఏం చేస్తుంది, ఏం చేయదు

రిలుజోల్ నరాల చివర గ్లూటమేట్ అనే ఉత్తేజక రసాయనం విడుదలని తగ్గిస్తుంది, సోడియం ద్వారాలని కొంత అడ్డుతుంది. అమెరికాలో 1995 డిసెంబరులో అనుమతి వచ్చింది. 1996లో వెలువడిన పెద్ద పరీక్షలో 959 మందికి రోజుకి 50, 100, 200 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. 100తో వచ్చిన ప్రయోజనం కంటే 200తో చెప్పుకోదగ్గంత ఎక్కువేం రాలేదు, చెడు ఫలితాలు మాత్రం పెరిగాయి. అందుకే 50 చొప్పున రెండుసార్లు. "ఇంకో మాత్ర ఎక్కువ వేస్తే" అని అడిగేవారికి ఇదే జవాబు.

ప్రయోజనం సగటున రెండు మూడు నెలల ఆయుష్షు. ఇది ముందే చెప్పాలి. మాట తిరిగి రాదు, చేతికి బలం రాదు. మందు పనిచేస్తోందని రోగికి తెలిసే గుర్తు ఒక్కటీ ఉండదు. ఈ మాట చెప్పకుండా చీటీ చేతిలో పెడితే, నెల తిరగ్గానే "గుణం లేదు" అని మానేస్తారు, లేదా దానికి తోడు ఇంకేదో మొదలుపెడతారు. ఈ కేసులో జరిగింది రెండోది.

కోడలు ఈ జబ్బుకే ఉన్న మరో మందు ఎడరవోన్ గురించి అడిగింది. అది 60 మిల్లీగ్రాముల చొప్పున గంటసేపు ఎక్కించే మందు. మొదట వరసగా 14 రోజులు ఇచ్చి 14 రోజులు విరామం ఇస్తారు, ఆపైన ప్రతి విడతలో 14 రోజుల్లో 10 రోజులు. ప్రయోజనం చూపించిన పరీక్షలో 137 మంది ఉన్నారు. జబ్బు మొదలై రెండేళ్లు దాటనివారిని, ఊపిరి 80 శాతానికి తగ్గనివారిని ఏరి తీసుకున్నారు. ఈమెకి 71. ఐరోపాలో కంపెనీ తన దరఖాస్తుని 2019లో వెనక్కి తీసుకుంది. భీమిలి వైపు నుంచి రెండువారాల పాటు రోజూ ఆసుపత్రికి రానూపోనూ, సెలైన్ సూదికి దొరకని నరాలు, ఖర్చు, అన్నీ లెక్కేసి వద్దన్నాం. ఇంకా తొలిదశలో ఉన్న రోగికి ఇదే జవాబు చెప్పకపోవచ్చు.

మొదలుపెట్టే ముందు

ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) 31, ఆ ల్యాబులో పైహద్దు 40, ఎస్‌జీఓటీ (అలాంటిదే ఇంకో ఎంజైము) 28, కామెర్లలో పెరిగే బిలిరుబిన్ 0.7. తెల్లకణాలు 7,200. హెపటైటిస్ బీ, సీ రెండూ లేవు. ఛాతీ ఎక్స్‌రే తీసి ఫైల్లో ఉంచాం. అందుకు కారణాలు రెండు. ఒకటి, టీబీ ఉండి మందులు మొదలైతే రిఫాంపిసిన్ రిలుజోల్‌ని త్వరగా బయటకి పంపేస్తుంది, ఐసోనియజిడ్ కాలేయం మీద భారం వేస్తుంది. రెండోది, ఈ మందుతో అరుదుగా ఊపిరితిత్తుల్లో మంట వస్తుంది. అప్పుడు పక్కన పెట్టి పోల్చడానికి పాత ఫిల్ము ఉండాలి.

ఎస్‌జీపీటీ మొదటి మూడు నెలలు నెలకోసారి, ఆ ఏడాదంతా మూడు నెలలకోసారి, తర్వాత అప్పుడప్పుడు. చీటీలో "ఎల్‌ఎఫ్‌టీ (కాలేయం పరీక్ష) చేయించుకోండి" అని రాస్తే ఎవరూ చేయించుకోరు. తేదీలు వేసి ఇచ్చాం. హద్దులూ రాశాం: 120 దాటితే వారంవారం పరీక్ష. 200 దాటినా, కళ్లు పచ్చబడినా, బిలిరుబిన్ పెరిగినా మందు ఆపి రావాలి. హద్దుకి అయిదు రెట్లు అని రాస్తే ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. ఆ ల్యాబు అంకెతో గుణించి రాయాలి, ల్యాబు మారితే మళ్లీ రాయాలి.

వేళలు

రిలుజోల్ ఖాళీ కడుపున పడాలి: తిండికి కనీసం గంట ముందు, లేదా తిన్న రెండు గంటల తర్వాత. కొవ్వు ఎక్కువున్న భోజనంతో వేస్తే రక్తంలోకి చేరే మొత్తం దాదాపు 20 శాతం, పతాకస్థాయి దాదాపు 45 శాతం పడిపోతాయి. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అని చెబితే మన ఇళ్లలో అది అన్నం తిన్నాక అనే అర్థం. మాత్ర అంటే తిన్నాక వేసుకునేదే కదా.

ఇంటి దినచర్య అడిగి వేళ కుదిర్చాం. పొద్దున ఆరింటికి మాత్ర, ఏడింటికి టీ, ఎనిమిదిన్నరకి చోడి (రాగి) అంబలి. సాయంత్రం నాలుగు లోపు ఏదైనా తినడం, ఆరింటికి మాత్ర, ఏడు దాటాక భోజనం. పన్నెండు గంటల ఎడం సరిపోయింది. ఒక వేళ మరిచిపోతే అది వదిలేసి తర్వాతిది వేసుకోవాలి, రెండూ కలిపి వేయకూడదు.

పదో రోజున ఫోను. కోడలి మాట ఇది: "మాత్ర నూరి ఏత్తే నాలిక మొద్దుబారిపోతంది బాబూ, తరవాత ఏటి తాగినా పొలమారిపోతంది." మాత్ర గొంతు దిగడం లేదని రోకలితో నూరి, నీళ్లలో కలిపి పోస్తున్నారు. ఈ మందు పొడి తగిలితే నోరు తిమ్మిరెక్కుతుంది. మామూలు మనిషికి అది చిరాకు మాత్రమే. మింగడం చేతకాని మనిషికి మాత్రం, నోట్లో ఏముందో తెలియకుండా పోతే తర్వాతి గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లలాంటి ద్రవం వీళ్లకి అన్నిటికంటే ప్రమాదం కూడా. దిద్దుబాటు చిన్నదే: మాత్ర నూరొద్దు, చిక్కటి చోడి జావ ఒక్క చెంచాలో ముంచి నాలుక మధ్యలో పెట్టాలి, గడ్డం కిందికి దించి మింగించాలి, ఆ తర్వాత ఇంకో చెంచా జావ. పాలు, నెయ్యి కలపకూడదు. రెండు చెంచాల జావ భోజనం కిందికి రాదు, గంట లెక్క చెడదు. మాత్ర దించే పద్ధతిని స్పీచ్ థెరపిస్టు ముందు ఒకసారి చేయించి చూశాకే ఇంటికి పంపాం. కొన్ని దేశాల్లో ఈ మందు ద్రవంగానూ, నాలుక మీద కరిగే పొరగానూ అనుమతి పొందింది. ఇక్కడ చేతిలో ఉన్నది మాత్రే.

ఎస్‌జీపీటీ 164

మే మధ్యలో మందు మొదలైంది. జూన్ మధ్యలో ఎస్‌జీపీటీ 58. ఇది ఆశ్చర్యం కాదు. ఈ మందు వాడేవారిలో సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు హద్దు దాటుతుంది, మూడు రెట్లు దాటేది 8 శాతం, అయిదు రెట్లు దాటేది 2 శాతం. జూలై మధ్యలో 164. ఎస్‌జీఓటీ 121, బిలిరుబిన్ 0.8. వాంతి లేదు, కళ్లు తెల్లగా ఉన్నాయి.

వెంటనే ఆపేయడం సులువు. అలా ఆపేస్తే ఈ జబ్బుకి ఉన్న కొద్దిపాటి ఆసరా పోతుంది, కారణమూ తెలియకుండా పోతుంది. ముందు ప్రశ్నలు అడగాలి. "వేరే మందులేమైనా వాడుతున్నారా" అని అడిగితే "లేదు" అనే వస్తుంది. కషాయం మందు కాదు కదా. "పొద్దున్నే ఏం తాగుతారు, ఆకుపసరు ఏదైనా పోశారా, నాటువైద్యం ఏమైనా చేయించారా, తాయెత్తు కట్టినవాళ్లు తాగడానికి ఏమైనా ఇచ్చారా" అని ఒక్కోటి పేరు పెట్టి అడగాలి. బయటపడింది తిప్పతీగ. నరాల సత్తువకి మంచిదని పక్కింటివాళ్లు చెబితే, కాండం ముక్కలు మరిగించి మూడు వారాలుగా రోజూ గ్లాసుడు పోస్తున్నారు. తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్న ఆరు కేసులని ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. వాటిలో ఆటోఇమ్యూన్ హెపటైటిస్ (ఒంటి రక్షణ వ్యవస్థే కాలేయం మీద దాడి చేయడం) పోలికలు ఉన్నాయి. పైగా కంచెల మీద పాకిన తీగ తెచ్చి మరిగిస్తే, అది తిప్పతీగేనో దాని పోలికున్న మరో జాతో చూసి చెప్పడం కష్టం.

మూడో సంగతి కూడా ఉంది. జూన్ మొదట్లో చుట్ట పూర్తిగా ఆగిపోయింది, నోట్లో నిలవక. పొగలోని పదార్థాలు కాలేయంలో సీవైపీ1ఏ2 అనే ఎంజైముని ఉసిగొల్పుతాయి. రిలుజోల్‌ని విరిచేది ప్రధానంగా అదే. పొగతాగేవారి ఒంట్లోంచి ఈ మందు దాదాపు 20 శాతం వేగంగా పోతుంది. చుట్ట ఆగితే కొద్దిరోజుల్లోనే ఆ వేగం తగ్గి, అదే మాత్రకి రక్తంలో మోతాదు కాస్త పెరుగుతుంది. అయితే 20 శాతం తేడాతో ఎస్‌జీపీటీ నాలుగు రెట్లు కావడం మాకు నమ్మశక్యంగా లేదు. చుట్ట మళ్లీ పట్టించే ప్రశ్నే లేదనుకోండి.

హెపటైటిస్ ఏ, ఈ పరీక్షలు, ఆటోఇమ్యూన్ జబ్బు కోసం ఏఎన్ఏ, ఐజీజీ, కడుపు స్కాను చేశాం, ఏమీ తేలలేదు. ఆ వారంలో మార్చింది ఒక్కటే: కషాయం ఆపాం, రిలుజోల్ అదే మోతాదులో ఉంచాం, వారంవారం రక్తం తీశాం. 172, 131, 88, ఆపైన ఆగస్టు మధ్యలో 61. మొదటి వారం 172 వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు బెదిరారు. గీత 200 దగ్గరుందని, బిలిరుబిన్ కదల్లేదని చూపించి నిలబెట్టాం.

తప్పంతా తిప్పతీగదే అని తేల్చేయడం కూడా నిజాయితీ కాదు. రిలుజోల్ వల్ల పెరిగే ఎస్‌జీపీటీ సాధారణంగా మొదటి మూడు నెలల్లో పెరిగి, మందు కొనసాగుతుండగానే రెండు నుంచి ఆరు నెలల్లో హద్దుకి రెండు రెట్ల లోపుకి దిగుతుంది. ఈ గ్రాఫు ఆ నడకతోనూ సరిపోతుంది. మూడు వారాల్లోనే సగానికి దిగడం చూసి కషాయం వైపు మొగ్గాం, అంతే. ఇద్దరు అనుమానితులూ ఒకేసారి ఆగి ఉంటే ఆ మాత్రం మొగ్గడానికీ వీలుండేది కాదు. 200 దాటి ఉంటే మాత్రం ఈ తర్కమంతా పక్కన పెట్టి మాత్ర ఆపేసేవాళ్లం, అలా ఆపితే మళ్లీ మొదలుపెట్టడం మంచిది కాదు.

సెప్టెంబరు జ్వరం

మాత్రతోపాటు ఇచ్చిన కార్డులో పెద్ద అక్షరాలతో ఒక మాట ఉంటుంది: జ్వరం వస్తే అదే రోజు రక్తకణాల పరీక్ష. రిలుజోల్ అరుదుగా న్యూట్రోఫిల్స్‌ని (తెల్లకణాల్లో ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే రకాన్ని) పడగొడుతుంది. మొదటి గుర్తు జ్వరమే కావచ్చు.

వానాకాలపు విశాఖలో జ్వరమంటే మలేరియా, డెంగీ. మూడో రోజున కుటుంబం ఫోను చేసేసరికి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ అయింది. సిప్రోఫ్లాక్సాసిన్ 500 రోజుకి రెండు, పారాసిటమాల్ 650 రోజుకి నాలుగు నడుస్తున్నాయి. సిప్రోఫ్లాక్సాసిన్ ఆ సీవైపీ1ఏ2 ఎంజైముకే అడ్డుపడుతుంది, అంటే రిలుజోల్ ఒంట్లో పేరుకుంటుంది. పారాసిటమాల్ మొత్తం 2.6 గ్రాములు, 43 కిలోలకి దిగిన, అప్పుడే కాలేయం కోలుకుంటున్న మనిషికి. డెంగీ అనుమానంలో డైక్లోఫెనాక్ రక్తస్రావానికి దారి.

తెల్లకణాలు 2,800, వాటిలో న్యూట్రోఫిల్స్ 48 శాతం, అంటే 1,344. ప్లేట్‌లెట్లు 94,000. ఎస్‌జీఓటీ 212, ఎస్‌జీపీటీ 118. డెంగీ పరీక్ష ఎన్ఎస్1 పాజిటివ్. మలేరియా లేదు.

రిలుజోల్ ప్రమాద సూచనలు రెండింటినీ డెంగీ అనుకరిస్తుంది: తెల్లకణాలు పడతాయి, కాలేయం ఎంజైములు పెరుగుతాయి. విడదీసేందుకు కొన్ని ఆధారాలున్నాయి. డెంగీలో సాధారణంగా ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీని మించుతుంది, ప్లేట్‌లెట్లు కలిసి పడతాయి. మందు వల్ల అయితే న్యూట్రోఫిల్స్ ఒక్కటే కుంగడం ఎక్కువ. ఎన్ని ఆధారాలున్నా ఆ వారం వచ్చే అంకెల్లో మందు వాటా ఎంతో చెప్పలేం. అందుకని రిలుజోల్ ఆపాం. పది పదిహేను రోజులు మాత్ర లేకపోతే ఈ జబ్బులో పోయేది దాదాపు ఏమీ లేదు. సిప్రోఫ్లాక్సాసిన్, నొప్పి ఇంజెక్షన్లు బంద్. పారాసిటమాల్ 500, ఆరుగంటలకోసారికి మించకుండా, రోజుకి రెండు గ్రాములే.

డెంగీకి అందరికీ చెప్పే "ఓఆర్ఎస్ బాగా తాగించండి" సలహా ఈమె విషయంలో న్యుమోనియాకి దారి. ముక్కు గొట్టం వేసి, కొలతతో ద్రవం పోసి, వార్డులో నాలుగు రోజులు ఉంచాం. ఆరో రోజు ప్లేట్‌లెట్లు 61,000 వరకూ దిగి లేచాయి. జ్వరం మొదలైన పదహారో రోజున తెల్లకణాలు 5,600, ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు, ఎస్‌జీపీటీ 54. ఆ రోజు రిలుజోల్ పాత మోతాదులోనే మళ్లీ మొదలైంది, నెలవారీ పరీక్షల లెక్క మళ్లీ ఒకటి నుంచి. తర్వాతి రెండు నెలల్లో 46, 41.

కార్డు మీద మందుల పేర్లు అప్పుడు చేర్చాం: సిప్రోఫ్లాక్సాసిన్, అదే ఎంజైముకి అడ్డుపడే ఫ్లూవాక్సమిన్ (డిప్రెషన్ మందు) వద్దు. రిఫాంపిసిన్ అవసరమైతే ముందు అడగాలి. కార్డుకి ఒక నకలు ఆర్‌ఎంపీకి కూడా పంపాం. జ్వరానికి మొదట చూసేది ఆయనే, ఆయన్ని తిట్టి లాభం లేదు.

అక్టోబరులో దగ్గు వచ్చింది. తిన్న వెంటనే, గురగురతో, కుడి ఊపిరితిత్తి అడుగున నీడతో వచ్చింది కాబట్టి పొలమారడం వల్లే. పొడిదగ్గు, ఆయాసం కలిసి, రెండువైపులా నీడలు కనిపించి ఉంటే మందు అప్పటికప్పుడు ఆపేవాళ్లం.

గొట్టం వేశాక

నవంబరుకి ఊపిరి 58 శాతం, బరువు 41 కిలోలు. ఊపిరి 50కి పడేలోపే పొట్టకి గొట్టం వేయించడం క్షేమం, తర్వాతైతే మత్తు, పడుకోబెట్టడం రెండూ ప్రమాదమే. డిసెంబరులో వేయించాం, రాత్రిపూట బైపాప్ (మాస్కుతో ఊపిరికి సాయం చేసే యంత్రం) కూడా అప్పుడే మొదలైంది. చొంగకి రాత్రి అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు.

రిలుజోల్ ఇప్పుడు గొట్టంలోంచి. నోటికి తగలదు కాబట్టి నూరడానికి అభ్యంతరం లేదు, ఇంటి రోకలి మాత్రం వద్దు, మాత్రలకని విడిగా ఒకటి పెట్టుకోవాలి. పోసే ముందే నూరి, 20 మిల్లీలీటర్ల మామూలు నీళ్లలో కలిపి సిరంజితో పోయాలి, అడుగున మిగిలింది ఇంకో 10తో కడిగి అదీ పోయాలి, చివర 30తో గొట్టం కడగాలి. వేరే మాత్రలతో కలపకూడదు. ఆరింటికి మందు, ఏడింటి దాకా గొట్టంలో పాలుగానీ ఫీడుగానీ పోయకూడదు. రాత్రంతా చుక్కచుక్కగా ఫీడు ఎక్కించే పద్ధతి పెట్టుకుంటే పొద్దుటి మాత్రకి ఖాళీ కడుపు దొరకదు. నాలుగింటికే ఫీడు ఆపాలి, లేదా పగటి విడతలకి మారాలి. ఈ ఇంట్లో పగటికి మార్చుకున్నారు. ఫిబ్రవరి ఎస్‌జీపీటీ 39, తర్వాతి తేదీ మే మధ్యలో.